కువైట్‌కు కొత్తగా వచ్చాను, సివిల్ ఐడీ ఫోటో పంపవచ్చా?

ప్రశ్న: మాది కడప. ఇక్కడ ఉండేవారికి ఇచ్చే గుర్తింపు కార్డు, సివిల్ ఐడీ, ఈ వారమే చేతికొచ్చింది. ఫర్వానియాలో గది చూపిస్తున్న మధ్యవర్తి పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, ఆధార్ మూడూ వాట్సాప్‌లో పంపమంటున్నారు. పంపవచ్చా?

రాజంపేట అన్న: తమ్ముడూ, గది సంగతి తర్వాత. ముందు ఫోనులో కువైట్ మొబైల్ ఐడీ యాప్ వేసుకున్నావా? అందులో వచ్చే అభ్యర్థనకు ఒప్పుకుంటే నువ్వే వెళ్లి సంతకం చేసినట్టు. మా గదిలోని కోడూరు అబ్బాయి సివిల్ ఐడీ నంబరును ఇలాంటి మధ్యవర్తే రాసుకున్నాడు. రెండు రోజులకు ఫోనులో అభ్యర్థన వచ్చింది. వెంటనే ఆయనే ఫోన్ చేసి, అద్దె కాగితం కోసమే, నొక్కమన్నాడు. అడుగుతున్నది ఒక ఫోన్ల దుకాణమని తెరమీదే ఉంది, కానీ అబ్బాయికి అరబ్బీ రాదు. నొక్కాడు. అతని పేరున వాయిదాల మీద ఖరీదైన ఫోను ఎవరో పట్టుకుపోయారు. ఆ దుకాణం చుట్టూ ఎంత తిరిగినా "మీరే ఒప్పుకున్నారు కదా" అన్న మాటే. ఇంటికి పంపాల్సిన జీతంలోంచి కిస్తీలు కట్టాడు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపం ఆగదు.

ప్రొద్దుటూరు అక్క: అన్నా, అతను అడిగింది ఫోటో గురించి. బాబూ, ఇక్కడ గదికి ఆధార్‌తో పనే లేదు. ఊళ్లో పనికి ఎవరైనా అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైటు నుంచి దించుకుని పంపు. సివిల్ ఐడీ ఫోటో మీద "గది అద్దెకు మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాసి ఇవ్వు.

రాయచోటి పెద్దాయన: అడ్డంగా రాస్తే ఏం లాభమమ్మా, నంబరు కనిపిస్తూనే ఉంటుంది. సివిల్ ఐడీ 12 అంకెల్లో మొదటిది పుట్టిన శతాబ్దం, తర్వాతి ఆరు పుట్టిన తేదీ. కార్డు ఎదురుగా చూపించి జేబులో పెట్టుకోవాలి, అంతే.

ప్రొద్దుటూరు అక్క: చూపిస్తే సరిపోయే రోజులు పోయాయి, పెద్దాయనా. చిరునామా సరిగా లేనివారి పేర్లు సివిల్ ఐడీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ పాసీ ప్రకటిస్తోంది. 30 రోజుల్లో మార్చుకోకపోతే 100 దీనార్ల వరకు జరిమానా. అద్దె ఒప్పందం లేకుండా చిరునామా ఎలా ఎక్కుతుంది?

రాయచోటి పెద్దాయన: ఒప్పందం వద్దనలేదు. అది ఇంటి యజమానితో. మధ్యవర్తికెందుకు?

రాజంపేట అన్న: అది నిజం. యజమానితో కూర్చున్న రోజే ఇవ్వు తమ్ముడూ. ఇంకొకటి, వీసా వచ్చిందని మీ ఇంటివాళ్లు స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో ఆ కాగితం ఫోటో పెట్టి ఉంటారు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. ఈ రాత్రే ఫోన్ చేసి తీయించు.