బారెన్ ఐలాండ్, మయోన్, గువామ్ మన తిరుమల వరసలో ఉన్నట్టేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. హాస్టల్ గోడ మీది ప్రపంచ పటంలో తిరుమల ఘాట్ రోడ్డు అన్‌కన్ఫార్మిటీ (పాత రాళ్ళ మీద చాలా కాలం తర్వాతి రాళ్ళు పేరుకున్న హద్దు) దగ్గర స్కేలు పెట్టి తూర్పుకు గీత గీశాను. అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం, ఫిలిప్పీన్స్‌లోని మయోన్ అగ్నిపర్వతం, ఆపైన పసిఫిక్ దీవి గువామ్ దాదాపు ఆ గీత మీదే ఉన్నాయి. సెమినార్‌లో దీన్ని అలైన్‌మెంట్‌గా (ఒకదానితో ఒకటి సంబంధమున్న వరసగా) చూపించొచ్చా? ఎవరైనా అడ్డం తిరిగి అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు

చూపించొద్దమ్మా. నువ్వు గీసింది అక్షాంశ రేఖ. గోళం మీద సూటి గీత అంటే గ్రేట్ సర్కిల్, అంటే గోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం. అక్షాంశాల్లో భూమధ్యరేఖ ఒక్కటే అలాంటిది. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తరం, గువామ్ 13.4. వీటిని కలిపే గ్రేట్ సర్కిల్ మధ్యలో దాదాపు 16 డిగ్రీల దాకా ఎక్కుతుంది. మయోన్ 13.3 దగ్గరే ఉంది. డిగ్రీకి 111 కి.మీ. లెక్కన మయోన్ ఆ దారికి 250 కి.మీ. పైనే ఎడంగా పడుతుంది. బారెన్ ఇంకా దూరం.

పైగా పుట్టుక చూడు. బారెన్ కింద దిగుతున్నది ఇండియన్ ప్లేటు (ప్లేటంటే భూమి పైపొరలోని కదిలే పలక), మయోన్ కింద ఫిలిప్పీన్ సీ ప్లేటు, గువామ్ దగ్గర పసిఫిక్ ప్లేటు. మన తిరుమల కొండ రాయి నగరి క్వార్ట్‌జైట్ వయసు 150 కోట్ల ఏళ్ళు దాటింది. వీటికి చుట్టరికం ఎక్కడిది?

అలాగని గోళ జ్యామితిని వదలొద్దు. 1968లో జేసన్ మోర్గాన్ ట్రాన్స్‌ఫార్మ్ ఫాల్టులు (ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి జారే పగుళ్ళు) ఒక పోల్ (ప్లేటు తిరిగే ఇరుసు భూమి ఉపరితలాన్ని తాకే బిందువు) చుట్టూ స్మాల్ సర్కిళ్ళలా (గ్రేట్ సర్కిల్ కన్నా చిన్న వృత్తాల్లా) ఉంటాయని చూపించాడు. ప్లేట్ల కదలికను కొలవగలిగింది దానివల్లే. నువ్వు మన జిల్లాలోని డైకులు (పగుళ్ళలోకి ఎక్కి గట్టిపడ్డ శిలాద్రవపు గోడలు) పట్టుకో, నల్ల గ్రానైట్ కోసం తవ్వే ఆ డోలరైటే. ఒక్కో డైకు దిశను గ్రేట్ సర్కిల్‌గా పొడిగించి దాని పోల్ (ఇక్కడ పోల్ అంటే ఆ వృత్తానికి అన్ని వైపులా 90 డిగ్రీల దూరంలో ఉండే బిందువు) గుర్తించు. ఆ పోల్స్ మళ్ళీ ఒకే గ్రేట్ సర్కిల్ మీద వరస కడితే, డైకులన్నీ ఒకే చోటి నుంచి విచ్చుకున్నాయేమో అని ఆలోచించాలి. కెనడాలో 127 కోట్ల ఏళ్ళనాటి మెకెంజీ డైకులు అలా విచ్చుకున్నవే. నాకు ఎప్పటికీ తనివి తీరని పటం అది.

జవాబు 2: జీఐఎస్ ఉద్యోగి, తిరుపతి

సార్ చెప్పింది కంటితో చూడాలంటే పటాన్ని నోమోనిక్ ప్రొజెక్షన్‌లోకి (గోళాన్ని చదును పటంగా పరిచే ఒక పద్ధతి) మార్చండి. అందులో గ్రేట్ సర్కిల్ సూటి గీతే.

విద్యార్థిని

చాలా థాంక్స్ సార్, డైకులే తీసుకుంటాను. దిశ ఎంత కచ్చితంగా కొలవాలి?

జవాబు 1 నుంచి

దిశలో 2 డిగ్రీల తేడా వస్తే 1000 కి.మీ. పోయేసరికి గీత 35 కి.మీ. పక్కకు జరుగుతుందమ్మా. పొట్టి డైకులు వదిలేసి పొడుగువే ఎంచుకో. వయసు కట్టినవాటిని వేరే రంగులో పెట్టు.