లింకర్‌కు ‘ఆకాంక్ష’ ఉంటుందా?

ప్రశ్న:

మా బృందం ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు బిల్డ్ సూచనలను తెలుగులో రాస్తోంది. లింకర్ (విడివిడిగా తయారైన కోడ్ ముక్కలను కలిపి ఒక ప్రోగ్రాముగా చేసే సాధనం) అమరికను, అంటే దాని సెట్టింగులను, ఈమధ్య బాగా కుదించాం కనుక, ఏం తీసేశామో, ఎందుకు తీసేయగలిగామో కొత్తగా చేరేవారికి చెప్పవలసి ఉంది. ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అన్నదానికి మాలో ఒకరు ‘అనిర్వచిత సంకేతం’ అని రాశారు. మరొకరు, మన శాస్త్రాల్లో వాడే ‘ఆకాంక్ష’ దీనికి సరిగ్గా సరిపోతుందన్నారు. ఆకాంక్ష అంటే కోరిక కదా, అది ఇక్కడ ఎలా పొసగుతుంది?

సమాధానం:

ఆకాంక్ష అన్నవారికి అటు శాస్త్రమూ ఇటు లింకరూ రెండూ తెలిసి ఉండాలి. నేటి వాడుకలో ఆ మాట ప్రజల ఆకాంక్షలకూ ఫ్లెక్సీల మీది శుభాకాంక్షలకూ పరిమితమైపోయింది గాని, వాక్యార్థ విచారంలో దానికి నికరమైన అర్థం వేరే ఉంది. వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ హేతువులని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పాడు. వీటిలో ఆకాంక్ష అంటే, ఒక పదం మరో పదం తోడు లేనిదే అన్వయాన్ని కలిగించలేకపోవడం. ‘తీసుకురా’ అని ఊరుకుంటే ‘దేన్ని?’ అన్నది మిగిలిపోతుంది. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అని ఎన్ని నామవాచకాలు పేర్చినా, ఒకదాని అవసరం మరొకదానికి లేదు కనుక అది వాక్యం కాదు.

ఇప్పుడు ఆబ్జెక్ట్ ఫైలు సంగతి చూద్దాం. కంపైలర్ సి భాషలో రాసిన ఒక ఫైలును యంత్రభాషలోని ఆబ్జెక్ట్ ఫైలుగా మార్చినప్పుడు, ఆ ఫైలు తాను నిర్వచించిన పేర్లనూ, తాను పిలిచినా తనలో నిర్వచనం లేని పేర్లనూ ఒక పట్టికలో రాసి పెడుతుంది. ‘ఎన్ఎం’ కమాండుతో ఆ పట్టికను తెరిస్తే మెయిన్ పక్కన ‘టీ’ (ఇందులోనే నిర్వచనం ఉందని గుర్తు) అనీ, ప్రింట్ఎఫ్ పక్కన ‘యూ’ అనీ కనిపిస్తుంది. ఆ ‘యూ’ అన్‌డిఫైన్డ్‌కు గుర్తే, కాని అది తప్పు కాదు. బయటి ఫంక్షన్‌ను పిలిచే ప్రతి ఆబ్జెక్ట్ ఫైలులోనూ అది ఉంటుంది, ఉండి తీరాలి. నాకు ‘అనిర్వచిత సంకేతం’తో ఉన్న పేచీ ఇక్కడే. ఆ మాట వినగానే, ఎక్కడా నిర్వచనం లేని పేరు అన్న భావం కలుగుతుంది, అంటే సహజమైన స్థితికే దోషం పేరు పెట్టినట్లవుతుంది. ఆకాంక్ష అంటే ఆ చిక్కు లేదు. ఆబ్జెక్ట్ ఫైలులో ఉన్నది ఆకాంక్ష, లింకర్ పని ముగిశాక కూడా మిగిలితే అది తీరని ఆకాంక్ష, అదే ఎర్రర్.

ఈ పోలిక ఆకాంక్ష దగ్గరే ఆగదు, మిగతా రెండు హేతువులూ కూడా లింకర్‌కు వర్తిస్తాయి. యోగ్యత అంటే పదాల అర్థాలు ఒకదానికొకటి పొసగడం. ‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యంలో పదాల పరస్పరాపేక్ష తీరింది, కాని నిప్పుకు తడిపే యోగ్యత లేదు. సి భాషలో లింకర్ పేరును బట్టి మాత్రమే కలుపుతుంది గనుక, ఒక ఫైలు ఒకే పూర్ణాంకం ఇచ్చి పిలిచిన ఫంక్షన్‌ను మరో ఫైలు రెండు పూర్ణాంకాలు కోరేలా నిర్వచించినా అది నోరు మెదపకుండా కలిపేస్తుంది. యోగ్యతను చూడటం దాని పని కాదు. సి++లో అలా కాదు. అక్కడ కంపైలర్ ఫంక్షన్ పేరులోనే దాని ఆర్గ్యుమెంట్ల (అది తీసుకునే విలువల) రకాలను పొదుగుతుంది. లినక్స్ మీద, రెండు పూర్ణాంకాలను తీసుకునే ‘యాడ్’ అనే ఫంక్షన్ ఆబ్జెక్ట్ ఫైలులో ‘_జెడ్3యాడ్ఐఐ’ అని ఉంటుంది: 3 అంటే పేరులోని అక్షరాల సంఖ్య, చివరి రెండు ‘ఐ’లు రెండు పూర్ణాంకాలు. అందువల్ల సి++లో యోగ్యతాలోపం కూడా ఆకాంక్ష తీరకపోవడంగానే బయటపడుతుంది. ఫంక్షన్ కళ్లెదుటే ఉన్నా లింకర్ లేదంటోందని కొత్తవారు తల పట్టుకునే సందర్భాల్లో చాలా వాటికి మూలం ఇదే, సి లైబ్రరీ హెడర్‌కు, పేర్లను సి పద్ధతిలోనే ఉంచమని చెప్పే ‘ఎక్స్‌టర్న్ సి’ రాయడం మరిచినప్పటిదీ ఇదే కథ.

ఇక సన్నిధి, అంటే పదాలు ఎడం లేకుండా వెంటవెంటనే రావడం. మీరు అమరికను కుదించగలిగినది దీని వల్లనే అని నా ఊహ. జాముకో మాట చొప్పున పలికితే ‘ఆవును తీసుకురా’ అన్నది కూడా అర్థం కాదని శాస్త్రం చెప్పే ఉదాహరణ. లినక్స్ మీద చాలాకాలంగా వాడుకలో ఉన్న గ్నూ లింకర్, స్టాటిక్ లైబ్రరీలను (ఆబ్జెక్ట్ ఫైళ్ల కట్టలను) కమాండులో ఇచ్చిన వరసలో, ఇచ్చిన చోట ఒక్కసారి మాత్రమే వెతుకుతుంది. మెయిన్‌కు పార్సర్ లైబ్రరీ కావాలి, పార్సర్‌కు యుటిల్ లైబ్రరీ కావాలి అనుకోండి. కమాండులో యుటిల్ ముందు, పార్సర్ తరవాత రాస్తే, యుటిల్ దగ్గరికి వచ్చేసరికి దానిలోని పేర్లను ఎవరూ అడిగి ఉండరు గనుక లింకర్ ఏమీ తీసుకోకుండా దాటిపోతుంది. తరవాత పార్సర్ వచ్చి యుటిల్‌ను అడుగుతుంది, కాని లింకర్ వెనక్కు వెళ్లదు, ఎర్రర్ ఇస్తుంది. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి పిలుచుకుంటే వరస మార్చినా లాభం లేదు; ఒకదాన్ని రెండుసార్లు రాయాలి, లేదా ‘స్టార్ట్ గ్రూప్’, ‘ఎండ్ గ్రూప్’ అనే రెండు ఆప్షన్ల మధ్య అన్నింటినీ ఉంచి పదేపదే వెతికించాలి. పాత మేక్‌ఫైళ్లలో (బిల్డ్ సూచనల ఫైళ్లలో) ఒకే లైబ్రరీ పేరు రెండు చోట్ల కనిపించడానికీ, దాన్ని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలకపోవడానికీ కారణం ఇది.

ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు వారి లింకర్ ఎల్ఎల్‌డీ ఈ నియమాన్ని సడలించింది. అది దాటి వచ్చిన లైబ్రరీల్లోని పేర్లన్నీ గుర్తుంచుకుంటుంది, తరవాత ఎవరు అడిగినా తెచ్చి ఇస్తుంది. కావ్యవ్యాఖ్యాతల మాటలో చెప్పాలంటే, దూరాన్వయాన్ని, అంటే దూరదూరంగా ఉన్న పదాలను కలిపి అర్థం చెప్పుకోవడాన్ని, సహిస్తుంది. అయితే ఆలంకారికులు దూరాన్వయాన్ని దోషంగా లెక్కించినట్లే, పాత లింకర్‌తో కూడా బిల్డ్ కావలసిన ప్రాజెక్టుకు అది దోషమే. అలాంటి ప్రాజెక్టుల కోసం, వరస తప్పిన చోట హెచ్చరించే ‘వార్న్ బ్యాక్‌రెఫ్స్’ అనే ఆప్షన్‌ను ఎల్ఎల్‌డీలోనే ఉంచారు.

అమరిక విషయంలో మిగతా మార్పులు చిన్నవే గాని మీ పత్రానికి పనికొస్తాయి. సీమేక్ అనే బిల్డ్ సాధనంలో లింకర్‌ను మార్చాలంటే ఇదివరకు ‘ఫ్యూజ్ ఎల్‌డీ’ ఫ్లాగ్‌ను ఎగ్జిక్యూటబుళ్లకూ, షేర్డ్ లైబ్రరీలకూ, మాడ్యూళ్లకూ వేరువేరు వేరియబుళ్లలో రాయవలసి వచ్చేది. 2024లో వచ్చిన సీమేక్ 3.29 వెర్షన్ నుంచి ‘సీమేక్ లింకర్ టైప్’ అనే ఒక్క వేరియబుల్ చాలు. రస్ట్ భాష వాడేవారు దాని బిల్డ్ సాధనమైన కార్గో కన్ఫిగ్ ఫైలులో ఎల్ఎల్‌డీ కోసం రాసుకున్న పంక్తులను 64 బిట్ల ఎక్స్86 లినక్స్ మీద తీసేయవచ్చు, ఎందుకంటే 2025 సెప్టెంబరులో వచ్చిన రస్ట్ 1.90 వెర్షన్ నుంచి అక్కడ డిఫాల్ట్ లింకర్ అదే. నా ఉద్దేశంలో, బిల్డ్ ఫైలులో లింకర్ గురించి రాసిన ప్రతి పంక్తీ ఏ హేతువు కోసం ఉందో అడిగి చూడాలి. సన్నిధి కోసం రాసినవి చాలావరకు తీసేయవచ్చు. ఆకాంక్ష కోసం రాసినవి, అంటే ఏ టార్గెట్‌కు (తయారు కావలసిన ప్రోగ్రాముకు లేదా లైబ్రరీకి) ఏ లైబ్రరీ కావాలో చెప్పేవి, ఏ లింకర్ వచ్చినా తీసేయడానికి వీల్లేదు.

మరొకరి అభ్యంతరం:

ఆకాంక్ష, యోగ్యతల వరకు ఒప్పుకుంటాను. కాని సన్నిధి అంటే ఎడం లేకుండా ఉండటమే గాని వరస కాదు. ‘ఆవును తీసుకురా’ అన్నా, ‘తీసుకురా ఆవును’ అన్నా సన్నిధికి భంగం లేదు. మీరు చెప్పిన గ్నూ లింకర్ చిక్కు పూర్తిగా వరస చిక్కు. యుటిల్, పార్సర్ పక్కపక్కనే ఉన్నా ఎర్రర్ వస్తోంది కదా!

సమాధానం:

అభ్యంతరం బలమైనదే. అయితే శాస్త్రం ఎడం కూడదన్నది ఎందుకని అడగాలి. రెండో పదం వినిపించే వేళకు మొదటిది శ్రోత స్మృతిలో నిలిచి ఉండాలని. జాము గడిస్తే నిలవదు గనుక అన్వయం కుదరదు. గ్నూ లింకర్ స్మృతికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది: అడిగినవాటిని చివరిదాకా గుర్తుంచుకుంటుంది, ఎవరూ అడగనివాటిని అప్పటికప్పుడే మరిచిపోతుంది. కనుక అడగడం ముందు, దొరకడం తరవాత అయితే ఎంత ఎడమున్నా ఇబ్బంది లేదు. తారుమారైతే పక్కపక్కనే ఉన్నా కుదరదు. పైకి వరసగా కనిపిస్తున్నది లోపల స్మృతిలోపమే, ఎల్ఎల్‌డీ సరిచేసినదీ ఆ స్మృతినే. అందుకే సన్నిధి అన్న మాటను నేను వదులుకోలేను. శాస్త్రపరిచయం లేనివారికి ఇంత విడమరచి చెప్పవలసి వస్తుందన్నది మాత్రం నిజం.

అందుచేత ప్రశ్న అడిగినవారికి నా సూచన ఇది. పత్రంలో లింకర్‌ను లింకర్ అనే, సన్నిధి రాయవలసిన చోట ‘లైబ్రరీల వరస’ అనే రాయండి. ఆకాంక్షను ఒక్కసారి, వివరణ భాగంలో, దాని శాస్త్రార్థం చెప్పి వాడండి. ఎర్రర్ సందేశాల్లో వద్దు, అక్కడ చదివేవాడు తొందరలో ఉంటాడు. ఆ సందేశాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘పార్సర్ లైబ్రరీ పిలిచిన ఈ పేరుకు నిర్వచనం, ఇచ్చిన లైబ్రరీలలో దొరకలేదు.’