పడుకునే ముందు సిగరెట్: నిద్ర పడుతుందా, చెడుతుందా?

చెరువుగట్టు (భీమవరం): లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు మీద రాత్రిళ్లు నేనే కాపలా. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే పంట పోయినట్టే. పొద్దున ఇంటికొచ్చి, అరుగు మీద ఒక సిగరెట్ కాలిస్తేనే నాకు కునుకు పడుతుంది. సిగరెట్ నిద్ర చెడగొడుతుందని మొన్న ఇక్కడ ఎవరో రాశారు. నేను ఒప్పుకోను.

మందులషాపు (అమలాపురం): అండీ, నికోటిన్ నిద్ర తెచ్చేది కాదు, మెలకువ తెచ్చేది. గుండె వేగం, బీపీ పెంచుతుంది. మీకు హాయిగా అనిపిస్తోందంటే, అంతకుముందు కాల్చిన దాని ప్రభావం తగ్గి పుట్టిన చిరాకు తీరుతోందన్నమాట. సుమారు 2 గంటల్లో రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. నిద్ర మధ్యలో ఒళ్లు మళ్లీ అడుగుతుంది. కాల్చేవాళ్లకు నిద్ర పట్టడం ఆలస్యం, గాఢనిద్ర తక్కువ.

లంక కుర్రాడు: మా తాత లంక పొగాకు చుట్ట కాల్చి పడుకుంటే గురక వీధి చివరికి వినబడేది. నిద్రకేం తక్కువ?

మందులషాపు: గురక మంచి నిద్రకు గుర్తు కాదు బాబూ. పొగకు గొంతు లోపల వాచి, గాలి దారి ఇరుకైనా గురక వస్తుంది.

చెరువుగట్టు: తాత సంగతి వదిలేయండి. నేను మానేసి చూశాను. ఉన్న నిద్ర కూడా పోయింది. దీనికేమంటారు?

మందులషాపు: మానేసిన మొదటి వారాల్లో అలాగే ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఇంకోటి, పొగ తాగేవాళ్ల ఒంట్లో, టీలో మెలకువ తెచ్చే కెఫీన్ త్వరగా అరిగిపోతుంది. మానేశాక అదే టీ ఎక్కువసేపు పనిచేస్తుంది. అప్పుడు టీలు తగ్గించారా?

చెరువుగట్టు: టీ తగ్గిస్తే గట్టు మీద మెలకువగా ఎలా ఉండాలి? ఫ్యాను కింద కూర్చుని చెప్పడం తేలికేనండీ.

రాజోలు ఆడపడుచు: ఇంతసేపూ కాల్చేవాళ్ల నిద్ర గురించే మాట్లాడుతున్నారు. పక్కన పడుకున్నవాళ్ల సంగతి? వానాకాలం తలుపులన్నీ మూసిన ఒంటిగదిలో మా నాన్న కాల్చేవారు. దోమతెరకు నిప్పురవ్వలు పడి చిల్లులు. అమ్మ వాటిని కుట్టుకుంటూ, దగ్గుకుంటూ తెల్లవార్లూ కూర్చునేది.

చెరువుగట్టు: నేను ఇంటి లోపల కాల్చనమ్మా. మీ నాన్నగారి తప్పు నా నెత్తిన పెట్టకండి. అసలు మాట వినండి. రొయ్య రేటు పడిపోయింది. మేత అప్పు నెత్తి మీద ఉంది. నాకు నిద్ర లేనిది ఆ టెన్షన్‌కి. సిగరెట్ మానేస్తే షావుకారు అడగడం మానేస్తాడా?

రాజోలు ఆడపడుచు: మా నాన్నకూ అప్పులే. ఆ మాట చెప్పే అమ్మ నోరు మూయించేవారు. అప్పు ఇంటిల్లిపాదిదీ, సిగరెట్ మాత్రం ఆయన ఒక్కరిదీనా?

మందులషాపు: ఇద్దరూ కాస్త నిదానించండి. గట్టుగారూ, మానడానికి సాయం కావాలంటే ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది: 1800-11-2356. ఈలోగా కనీసం పడుకోవడానికి 2 గంటల ముందే ఆపి చూడండి.

చెరువుగట్టు: నంబరు రాసుకున్నాను. అప్పు సంగతి మాత్రం మీరెవరూ ఎత్తలేదు.