పంచ్ నీడిల్‌లో పువ్వు రేకులు ఉబ్బెత్తుగా, షేప్‌తో రావాలంటే ఎలా?

అందరికీ నమస్తే, నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటా. పంచ్ నీడిల్ (బోలు సూదితో బట్టలోకి దారం గుచ్చి, లూప్స్‌తో బొమ్మ చేసే ఎంబ్రాయిడరీ) చేసేవాళ్ళుంటే కాస్త హెల్ప్ చేయండి. మా అక్క గృహప్రవేశానికి ఇద్దామని మాంక్స్ క్లాత్ (వదులుగా నేసిన కాటన్ బట్ట) మీద తామరపువ్వు చేస్తున్నా, వెనక నుంచి గుచ్చితే అవతలి వైపు లూప్స్ వస్తాయి కదా, ఆ లూప్స్ వైపే పైకి కనిపించేలా. ఆకులు పావు అంగుళం లూప్‌తో బానే వచ్చాయి, రేకులకి అర అంగుళం పెడితే ఎత్తయితే వచ్చింది గానీ షేప్ లేదు, తివాచీ ముక్క అతికించినట్టుంది. నాకేమో రేకు మధ్యలో ఉబ్బి, అంచు దగ్గరికొచ్చేసరికి మెల్లగా వాలిపోవాలి.

లూప్స్ కోసి కత్తెరతో చెక్కితే వస్తుందంటున్నారు. మరి కోసేముందు వెనకాల ఫాబ్రిక్ గ్లూ రాయాలా? ఎక్కడా ముడి ఉండదు కాబట్టి పోగులు ఊడొస్తాయేమో అని భయం. ఇంకోటి, నా దగ్గరున్నది అక్రిలిక్ (సింథటిక్) దారం, ఓ మూల కోసి చూస్తే చివర్లు విడిపోయి చింపిరిగా అయింది, అసలైన ఊలు అయితే నీట్‌గా నిలబడుతుందా? చిక్‌పేటలో ఎవర్నడిగినా అక్రిలిక్కే తీసి చూపిస్తున్నారు, ఊలు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే షాపు చెప్పండి ప్లీజ్.

లేకపోతే కత్తెర జోలికే పోకుండా మధ్యలో పొడుగు లూప్, అంచులకి పొట్టి లూప్, అలా సూది సెట్టింగ్ మార్చుకుంటూ పోతే సరిపోతుందా, మెట్లుమెట్లుగా కనిపించదా? కింద దూది కూరమని మాత్రం చెప్పకండి, అది నాకు నచ్చదు.