రెండు ప్రాసెసర్ల సర్వర్‌లో ఒకటి మొరాయిస్తే రెండోదాంతో నడపొచ్చా?

నమస్కారం. హన్మకొండలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ సర్వర్ నేను చూసుకుంటాను. రెండు ప్రాసెసర్లు, లైనక్స్. ఈ మధ్య లాగ్‌లో మెషీన్ చెక్ ఎర్రర్లు (హార్డ్‌వేర్‌లో తప్పు జరిగిందని ప్రాసెసర్ ఇచ్చే హెచ్చరికలు) పడుతున్నాయి, అన్నీ రెండో సాకెట్ (రెండో ప్రాసెసర్ కూర్చునే చోటు) మెమరీ వైపు నుంచే. ఇప్పటికైతే ఈసీసీ (మెమరీలో చెడిన బిట్‌ను సరిచేసే ఏర్పాటు) సరిదిద్దుతోంది. కానీ ఒకేసారి రెండు బిట్లు చెడితే అది పట్టుకోగలదు తప్ప సరిచేయలేదు, సిస్టమే ఆగిపోతుందేమోనని టెన్షన్. పరకాల, నర్సంపేట నుంచి పెద్దవాళ్లు పరగడుపున వచ్చి కూర్చుంటారండీ.

నడుస్తుండగానే ఆ సాకెట్ కోర్లన్నీ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఆఫ్‌లైన్ చేస్తే సరిపోతుందా? మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం) ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి, కోర్లు ఆపినా అక్కడి ర్యామ్ వాడుకలోనే ఉంటుంది కదా. లేక ఆదివారం సర్వర్ ఆపి, ర్యామ్ స్టిక్కులు అటూఇటూ మార్చి, ఎర్రర్ వాటితో పాటు వెళ్తుందో సాకెట్ దగ్గరే ఉంటుందో చూడాలా? ఇలాంటిది చేసినవాళ్లు ముందు ఏది చేయాలో చెప్పండి.