ఏడాదిగా పారుతున్న గుర్రం: రెండు నెలలకోసారి నట్టల మందా, ముందు దాణా మార్పా?

చంపావతి తీరం:
మాది పూసపాటిరేగ మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. పెళ్లి ఊరేగింపులకు తీసుకువెళ్లే పదకొండేళ్ల ఆడగుర్రం ఉంది. ఏడాదిగా దాని లద్ది కుదురుగా లేదు. నాలుగు రోజులు ఉండలుగా వేస్తుంది, మళ్లీ ఆవుపేడలా జారుతుంది. ఒక్కోసారి ఉండలు పడ్డాక పచ్చటి నీళ్లు వెనక కాళ్ల వెంట కారి, తొడల మీద వెంట్రుకలు ఊడి చర్మం ఒరిసిపోయింది. జ్వరం లేదు, మేత మానలేదు. కానీ పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

ఉదయం రెండు కిలోల ఉలవలు ఉడకబెట్టి, కిలో తవుడు, కొంచెం బెల్లం కలిపి పెడతాను. సాయంత్రం మళ్లీ అదే. రాత్రికి వరిగడ్డి. వేరుశనగ తీగ దొరికిన రోజున అది కూడా. ఏడాదిలో ఆరుసార్లు నట్టల మందు వేశాను. ప్రతిసారీ పశువులకు వేసే ఒకటిన్నర గ్రాముల ఫెన్‌బెండజోల్ మాత్ర ఒకటి. మా పెదనాన్న ఇలాగే రెండు నెలలకోసారి వేస్తూ ఉండమంటున్నారు. మా బావమరిది మందు ఆపి దాణా మార్చమంటున్నాడు. పని లేని నెలల్లోనూ గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా, కాబట్టి ఖర్చుకు వెనకాడను. మాఘమాసం ముహూర్తాల లోపు అది కోలుకోవాలి. ఎవరి మాట వినాలి?

నెల్లిమర్ల రైతు:
మీ పెదనాన్న గారి మాటే నాది. నాలుగేళ్ల గుర్రాన్ని నేను ఈ తప్పుతోనే పోగొట్టుకున్నాను. వానలు వెనకబట్టాక పారుడు మొదలైంది. లద్ది పరీక్ష చేయిస్తే పురుగుల గుడ్లు కనిపించలేదన్నారు, మందు అక్కరలేదనుకున్నాను. పది రోజులకు లద్దిలో సన్నటి ఎర్రదారాల్లాంటి పురుగులు వందలకొద్దీ పడ్డాయి. పేగు గోడలో నిద్రపోయిన పిల్లపురుగులు ఒక్కసారిగా బయటికి వచ్చాయని అప్పుడు తెలిసింది. గుడ్డు పెట్టే వయసు రాని పురుగు పరీక్షలో ఎలా కనబడుతుంది? అందుకే రెండు నెలలకోసారి వేయండి. పరీక్షను నమ్ముకుని కూర్చోవద్దు.

నాగావళి గట్టు:
నెల్లిమర్ల రైతు గారూ, మీ నష్టం చదివి బాధ కలిగింది. పేగు గోడలోని లార్వాలు గుడ్ల లెక్కకు దొరకవన్నది ముమ్మాటికీ నిజం. అయితే అక్కడి నుంచి మీరు తీసిన తీర్మానాన్ని ఒప్పుకోలేను. ఆ లార్వాలకు ఫెన్‌బెండజోల్ ఒక్క మోతాదు చాలదు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా ఐదు రోజులు వేయాలి, లేదా మాక్సిడెక్టిన్ అనే మరో నట్టల మందు వేయాలి. ఒక్కో మాత్ర ఏడాదికి ఆరుసార్లు వేసినా లోపలివి లోపలే ఉంటాయి. చచ్చేవి బలహీనమైనవి, మిగిలేవి మందుకు లొంగనివి. వాటి సంతానమే తర్వాత గడ్డి మీదికి చేరుతుంది.

ఈ రెండు నెలల లెక్క ఎక్కడిదో కూడా చూడాలి. 1966లో అమెరికాలోని కెంటకీలో డ్రడ్జ్, లయన్స్ అనే పరిశోధకులు సూచించిన పద్ధతి అది. అప్పట్లో గుర్రాలను చంపుతున్నది పేగుకు వెళ్లే రక్తనాళాన్ని దెబ్బతీసే పెద్ద స్ట్రాంగైల్ పురుగు. దాన్ని అదుపు చేయడంలో ఆ పద్ధతి గొప్పగా పనిచేసింది. ఇప్పుడు పెద్ద గుర్రాల్లో ఎక్కువగా ఉండేవి చిన్న స్ట్రాంగైల్స్. ఫెన్‌బెండజోల్ కుటుంబపు మందులకు అవి ప్రపంచమంతటా నిరోధం పెంచుకున్నాయి. ఒకప్పుడు గెలిపించిన పద్ధతే ఇప్పుడు మనల్ని ఓడిస్తోంది.

ఇక మోతాదు. ఆవుకు కిలోకు 5 మిల్లీగ్రాములు, గుర్రానికి 7.5. మూడు వందల కిలోల ఆవుకు సరిపోయే మాత్ర అదే బరువున్న గుర్రానికి చాలదు. ముందు టేపుతో కొలవండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిరుదు కొన వరకు పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

చంపావతి తీరం గారూ, మీరు రాసిన మేత చదివాక పురుగుల కంటే దాని గురించే నాకు దిగులు. ఆవు తిన్నది ముందు పులిసి తర్వాత జీర్ణమవుతుంది. గుర్రానికి ముందు జీర్ణమై, మిగిలింది వెనక పెద్దపేగులో పులుస్తుంది. దాని జీర్ణాశయం చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించదు. ఒక్కసారిగా రెండు కిలోల ఉలవలు, బెల్లం పడితే పిండిపదార్థం చిన్నపేగులో అరగక వెనక్కి జారుతుంది. అక్కడ అది పులిసి ఆమ్లం పెరిగి, పీచును అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. లద్ది పలుచబడేది అందుకే. ఇంకా ముదిరితే గిట్టలకు వాపు వస్తుంది, అప్పుడు ఊరేగింపు మాట అటుంచి నిలబడడమే కష్టం. ఒక పూట దాణాలో పిండిపదార్థం కిలో శరీర బరువుకు ఒక గ్రాము దాటకూడదు. ఉలవల్లో మూడో వంతు పిండిపదార్థమే. గుర్రం బరువు 300 కిలోలనుకున్నా మీరు రెండింతలకు పైగా పెడుతున్నారు.

తవుడు సంగతి వేరే. అందులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది. ఏళ్ల తరబడి పెడితే శరీరం ఎముకల నుంచి కాల్షియం తోడుకుంటుంది. దాణాకు తగినంత సున్నపురాయి పొడి కలపాలి, మోతాదు పశువైద్యుడిని అడగండి.

గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది. లాలాజలం మాత్రం నమిలేటప్పుడే ఊరుతుంది. కాబట్టి గడ్డి రాత్రికి మాత్రమే కాదు, రోజంతా ముందుండాలి. శరీర బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. వరిగడ్డి ఒక్కటే అయితే పేగులో అడ్డుపడే భయం ఉంది, పోషకం తక్కువ, సిలికా ఎక్కువ. చోడి (రాగి) గడ్డి, బూజు పట్టని వేరుశనగ తీగ కలపండి. నేపియర్ గడ్డి మీద ఆధారపడవద్దు, అందులోని ఆక్సలేట్లు గుర్రానికి కాల్షియం అందనివ్వవు. ఏ మార్పయినా రెండు వారాలలో కొద్దికొద్దిగా చేయండి. కోళ్ల దాణా కలిపే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానండి. అందులో మోనెన్సిన్ అనే మందు ఉంటే గుర్రం గుండె ఆగిపోవచ్చు.

గార తీరం:
సముద్రపు ఊరు, నేల మీద మేత. ఇసుక సంగతి ఎవరూ అడగలేదే! నేలకు తగలని తాజా లద్ది ఉండలు ఐదారు బకెట్టు నీళ్లలో కలిపి పావుగంట వదిలేయండి. అడుగున ఇసుక పేరుకుంటే పారుడుకు అదీ ఒక కారణమే. వేరుశనగ తీగ వేళ్లతో సహా వస్తుంది కాబట్టి దులిపి పెట్టండి. మేత తొట్టిలో గాని పరదా మీద గాని వేయండి. ఈసబ్గోల్ పొట్టు కొందరికి ఉపయోగపడుతుంది. ఇసుక ఎక్కువగా ఉంటే పశువైద్యుడు ముక్కు గొట్టం ద్వారా మందు ఎక్కించాలి. ఎవరు చెప్పినా నూనె నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే గుర్రం దక్కదు.

నెల్లిమర్ల రైతు:
మోతాదు, మందు మార్పు గురించి నాగావళి గట్టు గారు చెప్పింది ఒప్పుకుంటాను. దాణా మారిస్తే పురుగు పోతుందా? మా చెరువుగట్టున పదిమంది పశువులు, రెండు గుర్రాలు ఒకే గడ్డి మేస్తాయి. రోహిణికార్తె ఎండకు గడ్డి మీది లార్వాలు మాడతాయి, నిజమే. మృగశిర మొదలు కార్తీకం దాకా తడి ఆరదు. నేను ఒకసారి చేయి కాల్చుకున్నవాడిని. మందు మానమనే మాట వింటే భయమేస్తుంది.

నాగావళి గట్టు:
మానమనలేదు. గుడ్లు లెక్కపెట్టి, పనిచేసే మందే వేద్దామంటున్నాను. ఒక మందలో చాలా గుర్రాలు కొద్దిగానే గుడ్లు వదులుతాయి, ఒకటో రెండో ఎక్కువగా వదులుతాయి. వాటిని గుర్తిస్తే చెరువుగట్టు గడ్డి బాగుపడుతుంది. మరో విషయం, ఆవుల పురుగులు దాదాపుగా గుర్రానికి పట్టవు. ఆవులు మేస్తే గుర్రపు లార్వాలను కూడా కొన్ని మింగేస్తాయి, అది మీకు మేలే. మీ గుర్రాల లద్దిని వారానికి రెండుసార్లు ఎత్తి పారేస్తే సగం పని అయినట్టే.

చంపావతి తీరం:
నెల రోజులకు మళ్లీ రాస్తున్నాను. చుట్టుకొలత 150, పొడవు 135, బరువు 256 కిలోలు. నేను 350 అనుకున్నాను. ఆ బరువుకు 1.92 గ్రాముల ఫెన్‌బెండజోల్ కావాలి, ఇన్నాళ్లూ 1.5 వేశాను. బకెట్టులో ఇసుక ఒక వేలు మందం దిగింది. గుడ్ల లెక్క గ్రాము లద్దికి 450. సరైన మోతాదు వేసి పద్నాలుగు రోజులకు చూపిస్తే 400. మా పశువైద్యుడు ఆ మందును పక్కన పెట్టేశారు. ఇన్నాళ్లు వేసిందంతా ఏమైపోయిందో తలచుకుంటే గుండె బరువెక్కింది.

ఉలవలు పూటకు అరకిలోకు తగ్గించి మూడు పూటలు పెడుతున్నాను. బెల్లం మానేశాను. పండ్లు చూపిస్తే పక్క దంతాలు వాడిగా పెరిగాయన్నారు, ఆకురాయితో అరగదీయించాను. చోడిగడ్డి రోజంతా ఉంటోంది. లద్ది ఇప్పుడు వారంలో ఐదు రోజులు ఉండలుగా ఉంది, నీళ్లు కారడం పూర్తిగా ఆగలేదు. నట్టల మందు మాటేమిటి?

నెల్లిమర్ల రైతు:
450 నుంచి 400 అంటే ఆ మందు పనిచేయనట్టే. ఇక్కడ నేను ఓడిపోయాను, ఒప్పుకుంటాను. మందు మార్చండి, ఐవర్‌మెక్టిన్ పేస్టు. కానీ కార్తీకం పోయాక లోపలి లార్వాలకు మాక్సిడెక్టిన్ తప్పనిసరి అంటాను, ఆ మాట మార్చుకోను.

నాగావళి గట్టు:
ఐవర్‌మెక్టిన్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు, 256 కిలోలకు 51 మిల్లీగ్రాములు, నోటి ద్వారానే. పశువుల ఇంజెక్షన్ కండకు పొడవద్దు, ఆ చోట పుండుపడే ప్రమాదం ఉంది. రెండు వారాలకు మళ్లీ లెక్క చూడండి. మాక్సిడెక్టిన్ విషయంలో నెల్లిమర్ల రైతు గారితో నాకు ఇప్పటికీ పేచీయే. అది కొవ్వులో నిల్వ ఉండే మందు, బక్కచిక్కిన గుర్రానికి మోతాదు కాస్త మించినా తట్టుకోలేదు. పక్కటెముకల మీద కండ పట్టిన తర్వాతే వేయాలి.

చంపావతి తీరం:
కార్తీక పున్నమికి మళ్లీ కొలిచి రాస్తాను. చుట్టుకొలత 155 దాటితే మా పశువైద్యుడిని అడిగి వేయిస్తాను, దాటకపోతే ఆగుతాను.