అరవై దాటాక ఒంటరిగా కొండల్లోకి: వెళ్ళొచ్చా, కూడదా?

మున్నేరు టీచర్

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నాకు 62 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. వర్షాలు తగ్గాక, సెప్టెంబరు చివర్లో ఉత్తరాఖండ్‌లోని రుద్రనాథ్‌కు ఒక్కదాన్నే నడిచి వెళ్ళాలనుకుంటున్నాను. పంచ కేదారాలనే ఐదు శివాలయాల్లో కేదార్‌నాథ్, తుంగనాథ్ ఇదివరకే గ్రూపుతో చూసొచ్చాను. రుద్రనాథ్ వాటిలాంటిది కాదు. గోపేశ్వర్ దగ్గర సాగర్ అనే ఊరి నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా కాలినడకే. మొదట దట్టమైన అడవి, ఆ పైన బుగ్యాల్ అని పిలిచే పచ్చిక మైదానాలు, చివర సుమారు 3,600 మీటర్ల ఎత్తున గుడి. దిగేటప్పుడు వచ్చిన దారిన కాకుండా నేవ్‌లా కనుమ దాటి, అనసూయాదేవి గుడి మీదుగా మండల్‌కు దిగాలని ఉంది.

అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో. ఇద్దరిదీ ఒకటే మాట, ఈ వయసులో ఒంటరిగా వద్దని. గ్రూపుతో అయితే టికెట్లు మేమే తీస్తాం అంటున్నారు. గ్రూపులో నేను చూడాలనుకున్నది చూడలేను. ఒక రాతి మీద నాచునో, ఫెర్న్ ఆకు వెనక సిద్ధబీజాశయాలనో చూస్తూ పావుగంట కూర్చుంటే వెనకనుంచి "ఆంటీ, పదండి" అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బెల్లు కొడితే లేచాను, బెల్లు కొడితే కూర్చున్నాను. ఇక చాలు.

ఇలా వెళ్ళడం తప్పా? ఔననేవాళ్ళూ కాదనేవాళ్ళూ కారణం కూడా చెప్పండి.

మార్కాపురం ఫారెస్ట్

అమ్మా, నేను అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయినోణ్ణి. నల్లమలలోనే ఎక్కువ కాలం పనిచేశా. మీ వయసుతో నాకు పేచీ లేదు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడుస్తారు. నెత్తిన మూట పెట్టుకుని కైలాసద్వారం మెట్లెక్కే ముసలమ్మల్ని ఎంతమందినో చూశా. వాళ్ళు క్షేమంగా చేరతన్నారంటే ముందూ వెనకా జనం ఉండబట్టే.

నా పేచీ అంతా ఒంటరిగా పోవటంతోనే. ఎలుగుబంటి మనిషి కోసం కాచుక్కూర్చోదు. ఉలిక్కిపడితే మీద పడుద్ది. పదిమంది మాట్లాడుకుంటా పోతావుంటే ఆ అలికిడికి అదే పక్కకి తప్పుకుంటది. ఒక్కరే, అందులోనూ మీలాగా చెట్టూ పుట్టా చూసుకుంటా చప్పుడు లేకుండా నడిచేవాళ్ళు, మలుపు తిరిగేసరికి దాని ఎదురుగ్గా ఉంటారు. రుద్రనాథ్ ఉన్న చమోలీ జిల్లాలో ఉండేది హిమాలయ నల్ల ఎలుగు. అదీ మనుషుల్ని గాయపరిచే జంతువే. చలికాలం ముందు కడుపు నింపుకోటానికి బాగా తిరిగే రోజుల్లోనే మీరు పోతానంటున్నారు. అనసూయ వైపు జనం తిరిగేది తక్కువ, అడవి దట్టం.

ఇంకో సంగతి. ఆ ప్రాంతం కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యంలోది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అట్టాంటి చోట తిరగటానికి అటవీ శాఖ అనుమతి కావాల. అది కాగితమే కదా అనుకోవద్దు. మనిషి తప్పిపోయినప్పుడు వెతకటం ఆ కాగితంతోనే మొదలవుద్ది. వెతకటానికి పోయేది ఎవరనుకున్నారు? ఆ ఊరి కుర్రాళ్ళు, వాచర్లు. మా దగ్గరైతే చెంచు పిల్లలు. టార్చిలైటు పట్టుకుని రాత్రంతా తిరగాల. వాళ్ళకీ ఇంటికాడ ఎదురుచూసేవాళ్ళుంటారు.

కర్నూలు ఫిజీషియన్

టీచర్ గారూ, చాలామంది అపోహ పడేది ఒకటుంది. ఎత్తుకు పోతే వచ్చే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి (అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్) పెద్దవాళ్ళకే ఎక్కువ వస్తాయనడానికి ఆధారం లేదు. పాతికేళ్ళ కుర్రాడు పరుగున ఎక్కి పడిపోవచ్చు, అరవై ఏళ్ళావిడ నిదానంగా ఎక్కి హాయిగా ఉండొచ్చు. ఎంత ఎత్తుకు, ఎంత తొందరగా అన్నదే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. సాగర్ సుమారు 1,700 మీటర్లు. అక్కడ బయల్దేరి ఒకే రోజులో పనార్ బుగ్యాల్ చేరేవాళ్ళున్నారు, మీరు ఆ పని చేయకండి. కింద ల్యూటీ బుగ్యాల్‌లో ఒక రాత్రి పడుకోండి.

వయసుతో నిజంగా మారేవి వేరు. దాహం తెలియడం తగ్గుతుంది, కాబట్టి దాహం వేసినా వేయకపోయినా నీళ్ళు తాగాలి. బీపీకి బీటా బ్లాకర్ వాడుతుంటే గుండె వేగం ఓ హద్దు దాటి పెరగదు, ఎక్కుడులో త్వరగా అలుపొస్తుంది. నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళకు పైన ఒళ్ళు త్వరగా ఎండిపోతుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే సల్ఫా మందులు పడతాయో లేదో ముందు డాక్టరుకు చెప్పండి. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది దిగుడు. మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడి ఉంటాయి. తడి రాయి మీద కాలు జారితే చిన్నవాళ్ళకు బెణుకు, మనకు తుంటి ఎముక. ఎముకల సాంద్రత పరీక్ష, అదే డెక్సా స్కాన్, చూసుకునే నిర్ణయం తీసుకోండి.

వెళ్ళొద్దని నేను అనను. అమర్‌నాథ్ యాత్రకూ మానససరోవర యాత్రకూ ప్రభుత్వం పెట్టిన పైహద్దు 70 ఏళ్ళు. 62 దగ్గర ఎవరూ గీత గీయలేదు.

పెద్దమ్మాయి

నేను ఆ హైదరాబాద్ అమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని. మా అమ్మ కూడా ఇలాగే అంటుంది. ఆంటీ, మీ ఇష్టం మీదే, ఒప్పుకుంటాను. కానీ మీకు అక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో, ఆ నాలుగు రోజులూ ఇక్కడ మాకు అంత నరకంగా ఉంటుంది. అమ్మ రెండు గంటలు ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్ళకు చేస్తాం. రోజుల తరబడి సిగ్నల్ లేని చోట ఎవరికి చేయాలి? గ్రూపుతో వెళ్ళమనడం మిమ్మల్ని కట్టేయడానికి కాదు. అక్కడ ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంటారని.

భీమిలి బీచ్‌రోడ్

గ్రూపు అంటే క్షేమం అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. 2024 జూన్ గుర్తుందా? ఉత్తరాఖండ్‌లోనే సహస్ర తాల్ ట్రెక్‌కు కర్ణాటక బృందం ఒకటి, గైడ్లతో కలిపి 22 మంది, వెళ్ళారు. గైడ్లున్నారు, అనుభవం ఉన్నవాళ్ళున్నారు. నాలుగు వేల మీటర్ల పైన మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది చనిపోయారు. అందులో డెబ్భై దాటిన ఒకావిడ ఉన్నారు, అంతకంటే చాలా చిన్నవాళ్ళూ ఉన్నారు. గ్రూపుకు టైమ్‌టేబుల్ ఉంటుంది, రైలు టికెట్లుంటాయి. వాతావరణం తేడాగా ఉన్నా "ఇంత దూరం వచ్చాం కదా" అని ముందుకే పోతుంది. ఒంటరి మనిషి మబ్బు చూసి వెనక్కి తిరగొచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఇదే పోస్టు 62 ఏళ్ళ మగాయన పెట్టి ఉంటే సగం మంది "సూపర్ సార్" అని ఊరుకునేవాళ్ళు. బుల్లెట్ మీద లదాఖ్ పోయే రిటైర్డ్ ఆఫీసర్లను వాళ్ళ పిల్లలు ఎందుకు ఆపరు?

కొలరాడో నుంచి

ఇక్కడ పార్కుల్లో ఒంటరిగా నడిచే ముసలివాళ్ళు రోజూ కనిపిస్తారు. రెండు సంగతులు చెప్తాను, రెండూ అమెరికా తూర్పున ఉన్న పొడవాటి కాలిబాట అపలాచియన్ ట్రెయిల్ మీద జరిగినవే.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో 67వ ఏట ఆ దారిని, మూడు వేల కిలోమీటర్లకు పైగా, ఒక్కతే ఒకే సీజన్లో నడిచి పూర్తిచేసింది. కాన్వాస్ బూట్లు, సొంతంగా కుట్టుకున్న సంచి, వానకు ప్లాస్టిక్ కర్టెన్, ఇంతే సామాను. పిల్లలకు నడవడానికి వెళ్తున్నానని మాత్రమే చెప్పింది. ఆవిడ పేరు అందరూ చెప్తారు. అంతకు ముందు ఏడాది మెయిన్ రాష్ట్రంలో దారి తప్పి, కళ్ళద్దాలు పగిలి, రేంజర్లు పంపించేస్తే ఇంటికి తిరిగొచ్చిన సంగతి మాత్రం చెప్పరు.

రెండోది 2013లో అదే మెయిన్‌లో. 66 ఏళ్ళ రిటైర్డ్ నర్సు. తోడు వచ్చినావిడ ఇంటి పని మీద మధ్యలో వెళ్ళిపోవాల్సి వస్తే ఒంటరిగా కొనసాగింది. కాలకృత్యాలకు దారి పక్కకు దిగింది, మళ్ళీ దారి దొరకలేదు. భర్తకు మెసేజ్‌లు పెట్టింది, సిగ్నల్ లేక ఒక్కటీ వెళ్ళలేదు. సిగ్నల్ కోసం ఇంకా పైకి, ఇంకా లోపలికి పోయింది. టెంటు వేసుకుని వారాల పాటు బతికే ఉంది, డైరీ కూడా రాసుకుంది. రెండేళ్ళ తర్వాత దొరికిన చోటు దారికి మూడు కిలోమీటర్లు కూడా లేదు.

ఆమె తప్పిపోవడానికి వయసు కారణం కాదు. దారి వదిలి ఎటు తిరిగిందో చూసినవాళ్ళు లేరు, చెప్పే సాధనం పనిచేయలేదు. ఇప్పుడు ఇక్కడ మేం శాటిలైట్ మెసెంజర్ జేబులో పెట్టుకుంటాం, బటన్ నొక్కితే మనమున్న చోటు వెళ్ళిపోతుంది. టీచర్ గారూ, మీ అబ్బాయి దాన్ని కొని పంపుతానంటే వద్దనండి. ఇండియాలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లూ ఇలాంటి పరికరాలూ దగ్గర పెట్టుకోవడం నేరం. తెలియక తెచ్చి ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడిన విదేశీయులున్నారు. అంటే ఇక్కడి ధైర్యాన్ని ఉన్నదున్నట్టు అక్కడికి తీసుకెళ్ళలేం. నా మటుకు నాకు ఈ చర్చలో అన్నిటికంటే బరువైన విషయం ఇదే. మీరు ఎక్కడ ఆగిపోయారో ఏ గంటకు, ఎవరికి తెలుస్తుంది?

మున్నేరు టీచర్

ఒక్కొక్కరిదీ రెండుసార్లు చదివాను.

డాక్టర్ గారూ, పరీక్షలు రెండూ చేయించుకుంటాను. ఎముకల రిపోర్టు బాగాలేకపోతే ప్రయాణం లేదు. అది నా మోకాళ్ళకూ నాకూ మధ్య విషయం, పిల్లల దాకా రానివ్వను.

ఫారెస్టు అన్నగారూ, వెతకడానికి పోయే కుర్రాళ్ళ మాట నన్ను పట్టుకుంది. అనసూయ దారి మానుకుంటున్నాను. ఎక్కిన దారినే సాగర్‌కు దిగుతాను. యాత్ర రోజుల్లో ఆ దారిలో ల్యూటీ దగ్గరా పనార్ దగ్గరా టీ, భోజనం పెట్టే గుడిసెలుంటాయి. కర్ర రాళ్ళకు తగిలిస్తూ, మలుపుల దగ్గర గట్టిగా పద్యాలు చదువుకుంటూ నడుస్తాను. పోతన పద్యాలు గొంతెత్తి చదివే అలవాటు నాకు ఎలాగూ ఉంది.

అమ్మాయి గారూ, "ఎవరికి చేయాలి" అన్నదానికి నేను జవాబు బాకీ. సాగర్‌లో రాత్రి ఉండే ఇంటివాళ్ళకు ఒక కాగితం రాసిస్తాను: నా ఫొటో, రక్తం గ్రూపు, వాడే మందులు, ఏ రోజు ఏ బుగ్యాల్‌లో పడుకుంటానో, ఏ రోజు ఎన్ని గంటలకల్లా కిందికి రావాలో. ఆ గంట దాటితే వాళ్ళు 112కు చేస్తారు. అదే కాగితం మా అమ్మాయి దగ్గరా ఉంటుంది. ప్రతి గుడిసెలోనూ రేపు ఎటు వెళ్తున్నానో చెప్పి కదులుతాను. దారి దిగి పక్కకు వెళ్ళాల్సి వస్తే బ్యాగు దారి మీదే కనపడేలా పెట్టి వెళ్తాను.

ఇన్ని ఒప్పుకున్నాక కూడా, పక్కన ఒక మనిషిని నడిపించుకుపొమ్మంటే మాత్రం ఒప్పుకోను. అమ్మగా, టీచరుగా, చివరి రోజుల్లో మా ఆయనకు నర్సుగా, ఎప్పుడూ ఎవరో ఒకరి అడుగుతో అడుగు కలిపే నడిచాను. నా అడుగు ఎంత పడుతుందో నాకే తెలియదు. అది తెలుసుకోవాలని ఉంది.

పెద్దమ్మాయి

ఆంటీ, ఆ కాగితం నమూనా ఇక్కడ పెడతారా? మా అమ్మకు పంపాలి.

మార్కాపురం ఫారెస్ట్

దారి మార్చుకున్నందుకు సంతోషం తల్లీ. ఒంటరిగా అన్నదానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. సాగర్ నుంచి పనార్ దాకా అడవి ఉన్నంతమేరా లోకల్ పోర్టర్ని పెట్టుకోండి, మీకు ఇరవై గజాలు ముందు నడవమనండి, మాట్లాడొద్దని చెప్పండి. పైన పచ్చికలో కనుచూపు బాగా ఆనుద్ది, అక్కడ మీ ఇష్టం. ఆ కుర్రాడికి రెండు రోజుల కూలీ కూడా దొరుకుద్ది.

మున్నేరు టీచర్

ఇరవై గజాలు చాలవు అన్నగారూ, చెట్ల మధ్య అతని వీపే కనిపిస్తుంటుంది. మలుపు అవతల ఉంటానంటే ఆలోచిస్తాను. అనుమతి కోసం గోపేశ్వర్‌లో అటవీ శాఖ ఆఫీసుకు ముందుగా ఫోన్ చేయాలి. ఆన్‌లైన్లో అవుతుందో, అక్కడికి వెళ్ళే తీసుకోవాలో ఈ మధ్య వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?